మల్లయ్య, తండ్రి పేరు గాలి

పోయిన వారం బడి విడిచి ఇంటికి వచ్చేసరికి కుమ్మరి మల్లయ్య బిడ్డ సాయమ్మ మా వాకిట్లో కూర్చుని ఉంది. నకిరేకల్ దవాఖానలో ఆయాగా పనిచేస్తుంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, ముఖమంతా దుమ్ము. ఒళ్లో ఒక సంచీ, సంచీలో మందుల కవరు, కవరులో మడతపెట్టిన కాగితం. దాన్ని తీసే ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. ఉర్దూ కాగితం. నాకు ఉర్దూ రాదు, ఆమెకూ రాదు. మోత్కూరులో ఉర్దూ రాతకోతలు తెలిసిన ఒక ముసలి మునిషీ చేత చదివించుకుని, ఆయన చెప్పింది వెనకవైపు తెలుగులో రాయించుకుంది. నైజాం రోజుల్లో మా వైపు ఠాణాలో బంధించిన వాళ్ల జాబితాకు నకలు అది. అందులో ఒక పేరు కింద పెన్సిల్ గీత ఉంది: మల్లయ్య వల్ద్ గాలి, వంటపని, ఫరారీ. వల్ద్ అంటే ఫలానా వాళ్ల కొడుకు అని. ఫరారీ అంటే సర్కారుకు చిక్కకుండా దాక్కుని తిరిగేవాడని నా ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు.

“గీ గాలి ఎవరక్కా? మా తాత పేరు పెంటయ్య గదా,” అంది సాయమ్మ.

మా ఊళ్లో స్తూపం కడుతున్నారు. ఆ రోజుల్లో దెబ్బలు తిన్నవాళ్లవీ, ఎదిరించినవాళ్లవీ పేర్లు నల్లరాతి మీద చెక్కిస్తున్నారు. కమిటీకి పెద్ద మా చిన్నాయన కొడుకు సత్తయ్య. సాయమ్మ పోయి తన తండ్రి పేరు కూడా చెక్కించమని అడిగితే, ఏదైనా కాగితం ఉంటే తెమ్మన్నాడు. ఏడాది తిరిగి, ఎవరెవరినో బతిమాలి తెచ్చింది. తీరా తెస్తే తండ్రి పేరు కలవలేదు, ఇది ఇంకే ఊరి మల్లయ్యదో అన్నాడు. రాయి చెక్కే మనిషి ఎల్లుండి పని ముగించుకుని వెళ్లిపోతున్నాడు. “గప్పుడు దగ్గరనుంచి చూసినోళ్లల్ల నువ్వొక్కదానివే మిగిలినవు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తె చాలు,” అంది.

ఒక్క మాట నేను చెబితే చాలుతుందని ఆమె ఎట్లా అనుకున్నదో నాకు అర్థం కాలేదు. ఊళ్లో నన్ను టీచరమ్మా అని ముందర పిలుస్తారు, కోతల కొమురమ్మ అని వెనక పిలుస్తారు. కరువు ఏడు మా చెరువులోని కప్పలు వరుసగా వచ్చి మా అవ్వ కుండ ముందు కూర్చున్నాయని, దొర మోటారు బురదలో దిగబడితే మా పొట్టేలు ఒక్కటే బయటికి లాగిందని నేను చెప్పినవి రెండు తరాల పిల్లలు విన్నారు. మల్లయ్యను పట్టుకుపోయిన కథ అయితే పదిరకాలుగా చెప్పాను. ఒకసారి ఆయన గరిటెతో ఏడుగురు జవాన్లను కొట్టాడన్నాను. ఒకసారి ఠాణా పెద్ద అమీన్ సాబును గంగాళంలో దాచి మూత పెట్టాడన్నాను. ఉన్నది ఉన్నట్టు మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే నేను కూడా అందులోకి వస్తాను.

ఆ రోజుల్లో మా ఇల్లంటే ముందు గొర్ల కొట్టం, వెనక మనుషుల కొట్టం. రెంటికీ నడుమ తడిక. ఏ వైపు పడుకున్నా ఉన్ని వాసనే, గొర్ల మూత్రం వాసనే. పొద్దున లేస్తే ముందుగా తగిలేది పొయ్యి మీద జొన్న గటుక వాసన, దానికి అంటుకుని పచ్చి పాల వాసన. మా అవ్వ నోట్లో పొగాకు, చేతిలో కదురు ఎప్పుడూ ఉండేవి. గొంగడి నేసేందుకు ఉన్ని వడికేది. నడుస్తూ వడికేది, తిడుతూ వడికేది, కథ చెబుతూ వడికేది. కథలో మంచివాళ్లకు కష్టం వస్తే కదురు నెమ్మదించేది, యుద్ధం వస్తే బొంగరంలా తిరిగేది. మా బాపు నేసిన గొంగళ్లలో కొన్నిచోట్ల దారం సన్నం, కొన్నిచోట్ల లావు. ఎక్కడ ఎవరు చచ్చారో నేను వేలితో తడిమి చెప్పగలిగేదాన్ని. ఇది కోత కాదు.

ఆ ఏడు మిరుగం కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. గొర్లు ఎండిన తుమ్మకాయలకు ఎగబడి ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. పెద్దలంతా కలిసి పురాణం చదివించాలనుకున్నారు. రాజ్యం పోగొట్టుకున్న అయిదుగురు అన్నదమ్ములు పేర్లు మార్చుకుని, వేషాలు మార్చుకుని, ఒక రాజు ఇంట్లో పనివాళ్లుగా ఏడాది దాక్కునే భాగం ఉంది కదా, అది చదివిస్తే వాన పడుతుందని నమ్మకం. అయితే మొదలుపెట్టాక నడుమ ఆపకూడదు. ఆపితే వాళ్లు దాక్కున్నచోటే ఉండిపోతారని, వాన కూడా ఎక్కడిదక్కడే ఉండిపోతుందని మా అవ్వ చెప్పేది. అది పుస్తకంలో ఉందో, ఆమె కలిపిందో ఇప్పటికీ తెలియదు.

చదివేది మా పంతులు. నాకు అక్షరాలు దిద్దించినవాడు, దారంతో కట్టిన కళ్లద్దాల మనిషి. ప్రపంచ యుద్ధం రోజులు కనుక దీపాలకు గ్యాస్‌నూనె దొరికేది కాదు. పొద్దు ఉండగానే చావడి దగ్గర కూర్చునేవాళ్లం. పంతులు రాగం తీసి చదివి, అర్థం చెబితే ఆ అర్థానికి ఇంకొక అర్థం కావలసి వచ్చేది. అందరూ అవ్వ వైపు తిరిగేవాళ్లు. ఆమెకు చదువు రాదు, కథ మొత్తం వచ్చు.

“అజ్ఞాతవాసము అనగా, తమ ఉనికి ఎవ్వరికిని తెలియకుండ వసించుట,” అన్నాడు పంతులు మొదటిరోజు.

“ఏమంటుండు పెద్దవ్వా?” అన్నారు వెనకనుంచి.

“ఏమున్నది. ఫరారీల ఉన్నరంటుండు,” అంది అవ్వ కదురు తిప్పుతూ.

అందరికీ చప్పున తెలిసిపోయింది. ఆ మాట వాళ్లకు కొత్తది కాదు. మా చిన్నాయన ఎల్లయ్య అప్పటికి నెల దినాలుగా ఫరారీయే. దొర ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా మా మందలోంచి ఒక పొట్టేలును ఊరికే పట్టుకుపోవడం ఆనవాయితీ. ఆ కరువులో నాలుగోసారి వస్తే చిన్నాయన ఇవ్వనన్నాడు, దొర ఉండే గడినుంచి వచ్చిన మనిషిని నెట్టేశాడు, వాడి పన్ను ఊడింది. ఆ పొద్దే ఊరు విడిచిపోయాడు. అవ్వ కొడుకు పేరు ఎత్తేది కాదు. కానీ పంతులు చదివే ఆ అన్నదమ్ములు ఎక్కడ తింటున్నారు, ఎక్కడ పంటున్నారు అని పుస్తకంలో లేని సంగతులన్నీ అడిగేది. కథ చివర వాళ్లు బయటికి వచ్చి తమ పేర్లు తాము చెప్పుకుంటారు. ఆ రోజు దాకా పంతులు ఆపకుండా చదవాలని ఆమె పట్టు. వాన కోసం ఎంత, కొడుకు కోసం ఎంత అని విడదీయడం నాకు చాతకాదు.

మల్లయ్య గడిలో వంట చేసేవాడు. కుమ్మరి వాళ్లే మా వైపు పెండ్లిళ్లకు, కార్యాలకు వండుతారు. అట్లా గడికి చేరాడు. నిలువెత్తు మనిషి. అన్నం నిండిన గంగాళాన్ని చెవులు పట్టుకుని ఒక్కడే దించేవాడు. దొర నిద్రపోయే వేళ చూసుకుని వచ్చి చావడి స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. వస్తే ఉల్లిగడ్డ వాసనతో పాటు పొగ వాసన వచ్చేది. అన్నదమ్ములలో రెండోవాడు వంటవాడి వేషం వేశాడని, వాడు గాలిదేవునికి పుట్టినవాడని, ఎంత బరువైనా ఎత్తుతాడని అవ్వ చెప్పిన రోజు జనమంతా వెనక్కి తిరిగి మల్లయ్యను చూశారు.

“ఓ గాలి కొడుకా, జర పక్కకు జరుగు. నువ్వు అడ్డం నిలవడితె మాకు గాలాడ్తలేదు,” అన్నాడొకడు.

“మీ దొర పక్కల పాచికలాడే బావమరిది పెద్దన్న గావచ్చు,” అన్నాడు ఇంకొకడు.

మల్లయ్య సిగ్గుపడి నవ్వాడు. అప్పటినుంచి ఊళ్లో ఆయన గాలి కొడుకే. నాకైతే అది ఎగతాళి అనిపించలేదు. అవ్వ చెప్పింది నిజమే కనుక, వాళ్లు ఒక రాజు ఇంట్లో ఉన్నారు కనుక, రాజంటే నాకు తెలిసినవాడు దొర ఒక్కడే కనుక, వాళ్లు ఉన్నది మా గడిలోనే. ఇంత చిన్న సంగతి ఎవరైనా విడమరిచి చెప్పాలా?

ఒకరోజు పొద్దు కొంచెం వాలాక బాట పక్క మోట బావి దగ్గర గొర్రెపిల్లల ఉన్నికి అంటుకున్న పల్లేరుకాయలు ఏరుతున్నాను. కొత్తగా వచ్చిన అమీన్ సాబు గుర్రం మీద, వెంట ఆరేడుగురు జవాన్లతో వచ్చి నీళ్లకు ఆగాడు. ఆయనకు తెలుగు రాదు. ఆ మధ్య దొరను కలవడానికి వస్తే, దొర పూజలో ఉన్నాడని గడి గుమ్మం ముందు ఎండలో చాలాసేపు నిలబెట్టారని ఊరంతా చెప్పుకుంది. ఆ రోజు మాత్రం ఆయన వచ్చింది చిన్నాయన కోసం. మా వాడ ఎటని అడిగి, నాకు తెలుగులో చెప్పడానికి హాలియా వైపు జవాను ఒకణ్ని ముందుకు తోశాడు.

“ఓ పొల్లా, మీ ఊళ్లె ఫరారీలున్నరా?”

“ఉన్నరు,” అన్నాను. చదువుకున్న పిల్లను కదా.

“ఎంతమంది?”

“అయిదుగురు. వాళ్ల పెండ్లాం గూడ ఉన్నది.”

“ఎవని పెండ్లాం?”

“అయిదుగురికి.”

జవాను దీన్ని అమీన్‌కు చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి మానేశాడు.

“ఏడున్నరు?”

“గడిల. ఒకడు వంటింట్ల ఉన్నడు. ఒకడు గుర్రాల కాడ, ఒకడు ఆవుల కాడ. పెద్దాయన దొరతోని పాచికలాడుతుండు. ఇంకొకడు చీర గట్టుకొని ఆడోళ్లల్ల ఉన్నడు.”

“మరి దొరకు ఎరుకనా?”

“ఎరుకలేదు. ఏడాది నిండేదాక ఎరుక గావద్దు గదా.”

“నీకెట్ల ఎరుక?”

“ఊరందరికి ఎరుకనే. రోజు పొద్దుగూకంగ చావడి కాడ చెప్పుకుంటం.”

అమీన్ ముఖం వెలిగిపోయింది. ఎండలో నిలబెట్టిన గుమ్మంలోకి జవాన్లతో చొరబడడానికి ఆయనకు కావలసిందేదో నేను చేతికిచ్చాను. గుర్రం మా వాడ వైపు నుంచి గడి వైపు తిరిగింది. వెనక్కి పిలుద్దామనుకున్నాను. గుర్రం మీద పోయే అమీన్‌ను ఏమని పిలవాలో నాకు తెలియదు.

ఇంటికి ఉరికి అవ్వకు చెప్పాను. కదురు ఆగింది.

“ఏడున్నరని చెప్పినవే?”

“గడిల.”

అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పొగాకు ఉమ్మి, కొట్టం తడిక లాగింది. మందను ఆ వేళకు ఎప్పుడూ బయటికి తోలం. “వాగుకు తోలుకపోదాం పా. మందల ఏది కనవడ్డ అడుగకు, నోరు మూసుకొని నడువు,” అంది. గొర్ల నడుమ నాలుగడుగులు వేశాక చూశాను. ఒక పొట్టేలు మీద గొంగడి కప్పి ఉంది. ఆ గొంగడి కింద మనిషి మడమలున్నాయి. నెలరోజులుగా చిన్నాయన మా కొట్టంలోనే, మేత గంప వెనక ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. నేను తడికకు ఇవతల పడుకుని, అడవిలో ఉన్న చిన్నాయనను పులి తినకూడదని రోజూ దేవునికి మొక్కుకుంటున్నాను.

వాగుకు పోవాలంటే గడి ముందునుంచే తోవ. అక్కడ ఊరంతా గుమిగూడి ఉంది. లోపల సోదా అయిపోయింది. చీర కట్టిన మనిషి కోసం అమీన్ దొరసానుల గది ముందు నిలబడి, గాజుల చేతులన్నీ తలుపు సందులోంచి బయటికి చాపించి వెంట్రుకలు చూశాడని నేను చెబుతుంటాను. అది నేను కల్పించిందే, కానీ చెప్పి చెప్పి ఇప్పుడు చూసినట్టే ఉంటుంది. నిజంగా చూసింది ఇది. మెట్ల మీద దొర తెల్లని పంచెలో నిలబడి ఉన్నాడు. కింద నేల మీద మల్లయ్య మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. వీపు మీద లాఠీ దెబ్బలు ఉబ్బి ఉన్నాయి. ఒక్క ఫరారీ అయినా దొరక్కుంటే అమీన్‌కు నగుబాటు, సోదా ఉత్తదే అయితే దొరకు నగుబాటు. మా వంటాయన ఈ ఊళ్లో పుట్టినవాడే అని దొర ఒక్క మాట అంటే సరిపోయేది.

“దొరా, నీ బాంచెన్, నువ్వన్న చెప్పు,” అన్నాడు మల్లయ్య.

“పనోళ్ల అయ్యలు ఎవరో నాకేమెరుక,” అని దొర లోపలికి వెళ్లిపోయాడు.

అమీన్ వెంట వచ్చిన మునిషీ కాగితం తీసి పేరు అడిగాడు. మల్లయ్య అని చెప్పాడు. తండ్రి పేరు అడిగాడు. మల్లయ్య నోరు తెరిచి ఊరుకున్నాడు. జవాను మళ్లీ ఒక దెబ్బ వేశాడు. సరిగ్గా ఆ వేళకు మా మంద వాళ్ల ముందునుంచి దుమ్ము లేపుకుంటూ పోతోంది. మల్లయ్య తల ఎత్తి మంద వైపు చూశాడు. చూపు గొర్ల మీదుగా పోయి ఒకచోట ఆగింది. నేను అవ్వ కొంగు పట్టుకున్నాను. మల్లయ్య తల దించుకుని, అందరికీ వినబడేట్టు, “గాలి,” అన్నాడు.

రోజూ ఆ మాటకు పగలబడి నవ్వే జనం ఒక్కరూ నవ్వలేదు. ఫరారీలకు దొంగ పేర్లుంటాయని అమీన్‌కు ముందే చెప్పి పంపినట్టున్నారు, ఆయన తృప్తిగా తల ఊపాడు. మునిషీ రాసుకున్నాడు. మల్లయ్య చేతులు గుర్రం తాటికి కట్టారు. మా మంద వాగులోకి దిగింది. చిన్నాయన ఆ రాళ్లన్నిటి మీదా మోకాళ్లతోనే పాకి, అవతలి గట్టు తుప్పల్లో లేచి నిలబడి, వెనక్కి చూడకుండా పోయాడు.

మేము ఇంకా వాగులో ఉండగానే వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, గొర్ల వీపుల మీద నురుగు లేచింది. అవ్వ ఆకాశం వైపు చూసి, “కథ గాకముందె ఒచ్చినవేంది? ఎవరు రమ్మన్నరు నిన్ను?” అని కోపంగా అడిగింది. ఆమె లెక్కలో ఇంకా యుద్ధం కాలేదు, అన్నదమ్ములు పేర్లు చెప్పుకోలేదు. తెల్లారేసరికి పంతులు భయపడి పుస్తకం మూట కట్టుకుని బిడ్డ ఊరికి వెళ్లిపోయాడు. మిగిలిన కథ అవ్వ తడిసిన గొర్ల మధ్య కూర్చుని నా ఒక్కదానికే చెప్పి పూర్తి చేసింది. పేర్లు చెప్పుకునే చోట వంటవాడి వంతు వచ్చినప్పుడు దారం తెగింది. అతికించి మళ్లీ వడకలేదు.

ఆమె ఆ ఫరారీ మాట తెలిసే వాడిందా? కొడుకు తడిక అవతల ఉండగా, ఫరారీలు గడిలో ఉన్నారని ఊరి చెవుల్లో కావాలనే వేసిందా? పెద్దయ్యాక చాలాసార్లు అడిగాను. “పంతులు చదివిండు, నేను చెప్పిన. నాకేమెరుక?” అనేది. చచ్చేదాకా అదే మాట.

మల్లయ్య చలికాలం వెళ్లాక తిరిగి వచ్చాడు. ఎడమకాలు ఈడ్చేవాడు. గంగాళం దించాలంటే ఇద్దరు కావలసి వచ్చేది. మళ్లీ గడిలోనే వండాడు, ఇంకెక్కడ వండుతాడు? ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. “మల్లయ్య మామా, గా పొద్దు గాలి అని ఎందుకన్నవు? మా మందల చూసినవా?” ఆయన పొయ్యిలో కట్టె ఎగదోసి, “ఏం జూస్త బిడ్డా. గా దెబ్బలకు మా నాయిన పేరు యాదికి రాలె. నోటికేదొస్తె అదన్న,” అన్నాడు. నేను అమీన్‌కు చెప్పిన సంగతి ఆయనకు తెలుసో లేదో తెలియదు. తెలుసా అని అడగలేదు. ఆ రోజు నాకు తినమని చేతిలో అడుగంటిన బెల్లపన్నం పెట్టాడు.

మర్నాడు సాయమ్మతో కలిసి స్తూపం దగ్గరికి వెళ్లాను. చావడి ఉన్న జాగాలోనే కడుతున్నారు. గడి ఇప్పుడు ఎరువుల గోదాము. రాయి మీద మొదటి పేరు మా చిన్నాయనది. దాని కింద ఒక వరుస కూడా చెక్కారు: నలభై మంది జవాన్లను చీల్చుకుని పోయిన వీరుడు. ఆ నలభై మంది నావాళ్లు. సత్తయ్య చిన్నప్పుడు అన్నం తినక మారాం చేస్తే ముద్దకు ఇద్దరు జవాన్ల చొప్పున చంపించి తినిపించాను. వాడికి ఆ రోజు ఆకలి బాగా ఉంది. చిన్నాయన నైజాం పోయాక ఇంటికి వచ్చి, పొలం చేసుకుని, నాలుగేళ్ల కింద జ్వరంతో పోయాడు. ఎట్లా తప్పించుకున్నాడో కొడుక్కి ఆయన చెప్పుకోలేదు.

మల్లయ్యకు రాతి మీద చోటు కావాలంటే ఆ మందను మళ్లీ గడి ముందునుంచి నడిపించాలి. నడిపించాను. నేను అమీన్‌కు చెప్పింది, గొంగడి, మడమలు, దొర మాట, గాలి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కడ నవ్వాలా అని ఎదురు చూసి, నవ్వే చోటు రాక ఊరుకున్నారు.

సత్తయ్య నా ముందుకొచ్చి నిలబడ్డాడు. “అక్కా, నిన్నటిదాక చెప్పింది కోతనా, ఇయ్యాల చెప్పింది కోతనా?”

“నిన్నటిది.”

“గది నేనెట్ల నమ్మాలె? సాయమ్మ ఒచ్చి అడిగిందని ఇంకోటి కట్టినవేమో.”

ముప్ఫై ఏండ్లుగా నేను వడికిన దారమంతా నా కాళ్లకే చుట్టుకుంది. సాయమ్మ కాగితం మడిచి కవరులో పెట్టుకుంటోంది. అప్పుడు గుర్తొచ్చింది.

“మీ బాపును ఆఖరి స్నానం నువ్వే పోయించినవు గదరా. మోకాళ్లు చూసినవా?”

వాడు తల ఎత్తాడు.

“రెండు మోకాళ్ల మీద రూపాయి బిళ్లంత మచ్చలు, అరచేతులల్ల గూడ. గవి ఎట్లయినయనుకున్నవు?”

“అడివిల తిరిగిన మచ్చలనుకున్న,” అన్నాడు. చెయ్యి తనకు తెలియకుండానే తన మోకాలి మీదికి పోయింది. “వాగు దాకనా?”

“వాగు దాటిందాక.”

“నాలుగు కాళ్ల మీద?”

“గొర్లతోని సమానంగ.”

ఏడుస్తాడో, నా మీదికి వస్తాడో తెలియలేదు. రాయి చెక్కే మనిషి వైపు తిరిగి, “గా నలుబై మంది వరుస తీసెయ్యొస్తదా?” అని అడిగాడు. తీస్తే రాయి పగులుతుందని అతను చెప్పాడు. “అయితె ఉండనియ్యి. దాని కింద మల్లయ్య పేరు చెక్కు.”

“తండ్రి పేరు పెంటయ్యనా సారు?” అన్నాడు అతను ఉలి సరిచేసుకుంటూ.

సత్తయ్య సాయమ్మను చూశాడు. ఆమె కవరులోంచి కాగితం మళ్లీ తీసింది, తనకు రాని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. “సర్కారు కాగితంల ఏమున్నదో గదే చెక్కుండ్రి. మా నాయిన నోటితోని చెప్పిన పేరు గదా,” అంది.

అట్లా మా ఊరి రాతి మీద ఒక అబద్ధం, దాని కింద నిజం ఉన్నాయి. చూసేవాళ్లకు పైది నిజంలా, కిందిది అబద్ధంలా కనిపిస్తుంది. మల్లయ్య వీరుడా? ఏమో. చూసి చెప్పాడా, మరిచిపోయి చెప్పాడా? రాయి అడగదు కనుక సరిపోయింది, నన్ను అడిగితే చెప్పలేను. ఒక్క మాట అంటే చాలినప్పుడు అనని దొర, ఒక్క మాట అనమంటే అయిదుగురిని అప్పజెప్పిన నేను, ఈ ఇద్దరి పేర్లూ ఆ రాతి మీద లేవు.

నిన్న బడి విడిచాక మూడో తరగతి పిల్ల ఒకతె రాయి దగ్గర నిలబడి అక్షరాలు కూడబలుక్కుంటోంది. నన్ను చూసి, “టీచరమ్మా, గాలి ఎవరు?” అంది.

“మల్లయ్య వాళ్ల నాయిన.”

“గాలికి మనుషులు పుడ్తరా?”

నోటిదాకా ఎన్నో వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఆ పిల్ల కాసేపు చూసి, తనకు తానే ఏదో తేల్చుకుని తల ఊపి, చెప్పడానికి ఇంటివైపు ఉరికింది. వెనక్కి పిలుద్దామని నోరు తెరిచాను. ఆ పిల్ల పేరు తెలుసు. పిలిచి ఏం చెప్పాలో తోచలేదు.